నల్లబూట్లు

"బాబాయ్, నా స్కేట్లు మర్చిపోయావా?" బొటనవేలి గోరును బ్లేడు మీద గీకి చూశాడు రిహోర్. కాస్త గోరుపొడి కూడా రాలలేదు, పదునే లేదు.

పద్నాలుగేళ్ళుగా గ్రోద్నా ఐస్ హాకీ జట్టు గోలుకు అతనే అడ్డుగోడ.

సానపట్టే కజిమీర్ తలెత్తలేదు. "కోచ్ చీటీలో పేరున్నవాళ్ళవే సాన పడతాను కదరా."

"గంటలో మ్యాచి! నా పేరు లేకపోవడమేంటి? మోకాలి దెబ్బ మానిపోయిందిగా."

"ఆటకు ముందు నీకు వీడ్కోలట. పూలిస్తారట."

"అయితే మంచు మీదికి పోవాలిగా, సాన పట్టు!"

"తివాచీ పరుస్తున్నారురా. మామూలు బూట్లతో రమ్మన్నారు."

"బూట్లెక్కడివి నా దగ్గర?"

విసురుగా సంచి తెరిచాడు. అడుగున, మెరిసేలా పాలిష్ చేసిన నల్లబూట్లు.

పొద్దున ఆ సంచి సర్దిన భార్య యాద్విగ, ఎన్నడూ లేనిది, గుమ్మంలో వంగి అతని మోకాలు ఎందుకు నిమిరిందో రిహోర్‌కు అప్పుడర్థమైంది.