గ్లౌజులు తీయొద్దు

మోషే ఫ్యాను ఆపేసి, చేతులకు గ్లౌజులు తొడుక్కున్నాడు.

"ఏటి సేత్తన్నావు బావా?" వంటింట్లోంచి నిస్సీ అడిగింది.

"అక్వేరియం సర్దుతన్నాను. పగడాలకి ఎలుతురు సాల్డం నేదు."

పచ్చి అబద్ధం. వెలుతురు బ్రహ్మాండంగా ఉంది. లేనిదల్లా అతని వేలికి ఉంగరం. మంగళవారం ఒట్టి చేతులతో ఓ పగడాన్ని జరుపుతుంటే వేలినుంచి జారి రాళ్ల సందులోకి పోయింది. అత్త దయమ్మ టెక్కలిలో కంసాలి పక్కనే కూర్చుని, లోపల 'నిస్సీ' అని చెక్కించి మరీ పెట్టిన పెళ్లి ఉంగరం అది.

రేపు మొదటి పెళ్లిరోజు. చర్చిలో కృతజ్ఞత ప్రార్థన. పాస్టరుగారు మొగుడూ పెళ్లాల చేతులు కలిపి, పైకెత్తించి దీవిస్తారు. దయమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. ప్రార్థనలో కూడా ఆవిడ కళ్లు మూయదు.

పోనీ నిస్సీకి చెబుదామంటే, టీ చల్లారేలోగా కబురు టెక్కలి చేరిపోతుంది. మంగళవారం నుంచీ ఆమె ఎప్పుడు చూసినా పిండి కలుపుతూనో గిన్నెలు తోముతూనో ఉండి, తన చేతివంక చూడకపోవడం దేవుడి దయే అనుకున్నాడు.

"నానూ సాయం పడతాను" అంటూ నిస్సీ వచ్చేసింది. అప్పటికే గ్లౌజులు వేసుకునుంది.

మోషే నోరెళ్లబెట్టాడు. ఏడాదిగా ఆ గాజుతొట్టిని సవతి అని పిలుస్తున్న మనిషి! "నౌపడలో ఉప్పు గుట్టలు పడుంటే, సేపల కోసం బెంగుళూరు నించి ఉప్పు తెప్పించిన మొగుడు" అని చుట్టాలందరికీ టముకేసిన మనిషి!

"నీకెందుకే? కొన్నిట్లో ఇసముంటాది. సెయ్యి మంటెత్తిపోద్ది."

"అందుకే గదా గ్లౌజులు! తియ్యను గాక తియ్యను."

ఆ మాట మోషేకి బాగా నచ్చింది. ఇద్దరూ గ్లౌజులు తీయకపోతే వేళ్ల ఊసే రాదు. సరేనన్నాడు.

పంపు ఆపాడు. పక్కనున్న టబ్బులోకి తొట్టి నీళ్లే తోడి, పాఠం మొదలెట్టాడు.

"మెత్తగుందని ఒల్లు ముట్టుకోకు. కింద రాయి పట్టుకో. మెల్లగా కదిపితే అదే ముడుసుకుంటాది, అప్పుడెత్తు. గాలి తగిల్తే జిగురు కారతాది, కంగారు పడకు. ఎంటనే టబ్బులో ఎట్టీ. ఎడమెడంగా ఎట్టాల, తగిలితే ఒకదాన్నొకటి కుట్టుకుంటాయి."

"తోటికోడళ్లా ఏటి?" అంటూ నిస్సీ నీళ్లలో చెయ్యి పెట్టింది. చేపలన్నీ బిలబిలమంటూ ఆమె వేళ్ల దగ్గరికి చేరాయి.

"ఇయ్యేటి, నీకాడికొత్తన్నాయి?"

"నాకేటి తెలుసు! నానెప్పుడైనా ఇందులో సెయ్యెట్టానా?" కసురుకుంది.

ఒక్కో పగడమే బయటికొస్తోంది. నిస్సీ పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తుతోంది. ఎత్తిన ప్రతిసారీ కింద తొంగి చూస్తోంది. మోషే తనవైపు రాళ్ల సందులు గబగబా వెతికాడు. ముందు దీని కంట పడితే తన పని అయిపోయినట్టే.

"నువ్వా మూలకి పో" అన్నాడు.

"పేరుకి మోషేవి. నీల్లు పాయలు సేసీరాదా, అడుగు కనపడతాది."

"అడుగుతో నీకేటి పని?"

"కసువుంటే తీద్దారనీ!"

ఆకుపచ్చ పగడం ఎత్తగానే ఇసకలో తళుక్కుమంది. మోషే గుప్పిట మూసేశాడు. అదే క్షణంలో అవతలి మూల నిస్సీ "దేవా!" అంది. ఆమె గుప్పిట కూడా మూసుకునుంది.

"ఏటది?"

"గవ్వ. నీకేటి దొరికింది?"

"నాకూ గవ్వే."

ఇద్దరికీ ఎక్కడలేని సంతోషం. చకచకా పగడాలన్నీ ఎక్కడివక్కడే పెట్టేశారు. మరి వెలుతురు సంగతేమిటని నిస్సీ అడగనే లేదు. ఎంత మంచి పెళ్లాం, ఇన్నాళ్లూ అనవసరంగా భయపడ్డానని మోషే మనసు కరిగిపోయింది.

స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. గ్లౌజు లాగేసి, దేవుడికి స్తోత్రం చెప్పి, ఉంగరం వేలికి తొడిగాడు.

అది నడిమి కణుపు దాటి దిగలేదు, తీసి లోపల చూస్తే 'మోషే' అని చెక్కి ఉంది.