తొమ్మిదో మలుపు

అనకాపల్లిలో ఫ్రిజ్‌లు బాగుచేసే పైడిరాజుకు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని కార్ల పందేలు ఆడడం ఒక్కటే సరదా. పాడేరు ఘాట్ రోడ్డు పందెంలో రికార్డు అతనిదే. ఇప్పుడు బస్సులకు డ్రైవర్లు లేరు. ఇలాంటి పందేల్లో నెగ్గిన పరుగుల్నే వాటికి నేర్పుతున్నారు. "ఈ పరుగు ఎన్నోసారికి కుదిరింది?" అని బస్సువాళ్ళు అడిగితే, "మొదటిసారికే" అని మీసం దువ్వాడు పైడిరాజు. ఆ పరుగు నేర్పిన పాడేరు బస్సు ముందు అద్దం మీద అతని పేరు రాయించారు. ఆ రోజు వీధంతా జిలేబీ పంచాడు.

చెల్లెలింటికని తొలి బస్సెక్కిన అతని భార్య గౌరీశ్వరి మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఏటండీ, బస్సంతా మీ మాటే! మీ ఇంటిదాన్ననగానే కిటికీ పక్క సీటిచ్చారు. స్టీరింగు అచ్చం మీ చేతిలో తిరిగినట్టే తిరుగుతోంది."

"ఎంతవరకు వచ్చారు?"

"ఎనిమిదో మలుపు దాటీసాం."

ఆటలో తొమ్మిదో మలుపు దగ్గర పైడిరాజు బ్రేకు తొక్కడు. లోయ అంచు మీదుగా బండిని ఒక్క ఊపున తిప్పేస్తాడు. అది కుదిరింది ఒకే ఒక్కసారి. అంతకుముందు రెండువందల పదకొండుసార్లు బండి లోయలోకే పోయింది. పోయిన ప్రతిసారీ మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టాడు.

"గౌరీ, బస్సు ఆపమను! దిగిపో!"

"ఎవరికి చెప్పమంటారు?" అని పకపకా నవ్వింది గౌరీశ్వరి. "డ్రైవరు మీరే కదండీ!"