కృపమణి ఆగిన చోటు

కృపమణి మీద మునీంద్రకు పీకలదాకా కోపం.

ఆమెను అతను ఎన్నడూ చూసింది లేదు. కడప నుంచి బనగానపల్లెకు కాపురం మార్చుకుని చర్చికి సెక్రెటరీ అయ్యేసరికే ఆమె చనిపోయింది.

"పోయినామె ఊరికే పోకుండా, తప్పుల పాటలు మా నెత్తిన రుద్ది పాయ!" అని కనబడిన వాళ్లందరితో అనేవాడు.

బతికినన్నాళ్లూ చర్చిలో కీబోర్డు వాయించింది కృపమణే. ఆమె పోయాక పాట ఎత్తుకునే దిక్కు లేదు. ఎత్తుకున్నా తలా ఒక దారి.

మునీంద్ర ఇల్లిల్లూ తిరిగి చందా వసూలు చేశాడు. బెంగళూరులో మూతపడిన ఒక హోటల్ నుంచి, తనంతట తానే వాయించుకునే పియానో తెచ్చాడు. పెన్‌డ్రైవ్ పెడితే చాలు. మనిషి లేకుండానే కీలు కిందికీ పైకీ కదులుతాయి.

కృపమణి వాయించి దాచిన పాటలు, ఏ కీ ఎప్పుడు నొక్కిందీ గుర్తుంచుకునే మిడి ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. అందరి ముందూ దాన్ని పియానోకు పెట్టాడు.

పియానో దబదబా బాదింది.

"ఇది పాటనా, పిడుగా?" పాటల గుంపులో పెద్దామె మల్లక్క చెవులు మూసుకుంది.

పాస్టరు నెమ్మదిగా చెప్పాడు. "ఆదివారం కోతపండుగ. దీంతో జనం పాడగలిగితే ఉంచుకుందాం. లేదంటే వెనక్కి పంపేద్దాం."

మునీంద్ర పరువంతా ఆ పెట్టెలో ఇరుక్కుంది.

పెళ్లిళ్లలో కీబోర్డు వాయించే అవినాష్‌ను కర్నూలు నుంచి పిలిపించాడు.

"అన్నా, దీంట్లో పదో చానెల్‌లో డోలు ఉండాది. కీబోర్డయితే డోలు మాదిరే మోగిస్తాది. పియానోకు ఆ తేడా ఏం తెలుస్తాది? డోలు దెబ్బల్ని గూడా కీల మీదే కొడతాండాది."

డోలు తీసేశాడు. పియానో తేటగా పలికింది.

మునీంద్ర మొహం వెలిగింది. అంతలోనే మాడిపోయింది.

మూడో లైను చివర పియానో ఆగింది. మళ్లీ అందుకుంది. రెండో చరణంలోనూ అక్కడే ఆగింది.

"ఫైలు చెడిపోయిందా?"

"లేదన్నా. వాయించేటప్పుడే ఆయమ్మ ఆగింది."

"ఈ పాటలోనేనా?"

"అన్నింట్లోనూ."

"తాళం రాని మనిషిని ఎట్ల భరించిరప్పా ఈ ఊరోళ్లు! సరిజెయ్."

అవినాష్ ల్యాప్‌టాప్‌లో ఆ ఖాళీలన్నీ మూసేశాడు. తాళానికి సరిగ్గా బిగించాడు.

సాయంత్రం ఆడవాళ్లు వచ్చి పాడిచూశారు. వాళ్లకు ఇంకా ఒక లైను మిగిలి ఉండగానే పియానో పాట ముగించేసింది.

"తాళం చూసుకోండి మల్లక్కా!"

"మేం చూసుకుంటానే ఉండాం లేప్పా. అదే తాడు తెంపుకున్న దూడ మాదిరి ఉరుకుతాండాది. మా కృపమణి..."

"ఆమె మాట నా ముందర ఎత్తొద్దు!"

మరునాడు శనివారం. చర్చిలో మునీంద్ర, అవినాష్ ఇద్దరే ఉన్నారు.

"పాత ఫైళ్లు ఉంటే పొరపాటున అవే మోగుతాయి. అన్నీ చెరిపెయ్" అన్నాడు మునీంద్ర.

"చెరపొద్దప్పా."

వాకిట్లో ఎవరో తలగుడ్డ కట్టుకున్న మనిషి. లోపలికి రాకుండా ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరప్పా నువ్వు? ఈడ ఏం పని?"

"దావన పోతాంటి. పాట... ఇనబడె."

"ఇంటే ఇను. ఫైళ్ల యవ్వారం నీకెందుకు?"

"పాతది... ఒక్కతూరి... ఎయ్యప్పా."

"పొద్దున్నే తాగినావా? మాట తిన్నగా రావడంలే."

ఆ మనిషి చిన్నగా నవ్వాడు.

అవినాష్ కల్పించుకున్నాడు. "కొత్తదాంతో అక్కవాళ్లు పాడలేకపాయిరి గదన్నా. రేపు పాతదే పెట్టి చూస్తాం. పోయేదేముండాది?"

"పోయేది నా పరువు!"

"రేపు జనం... పాడకుంటే... చెరిపేయండి" అన్నాడు తలగుడ్డ మనిషి.

"చెరిపేదేంది? పాటలూ పియానో రెండూ బెంగళూరికే!"

అవినాష్ డోలు మాత్రం తీసేసిన పాత ఫైలు పెట్టాడు. పాట అయ్యేదాకా ఆ మనిషి కదిలే కీల మీంచి కళ్లు తిప్పలేదు. అయిపోగానే చేతులు జోడించి వెళ్లిపోయాడు.

"లోపలికి అడుగు పెట్టడు గానీ, మనకు బుద్ధులు చెప్తాడు!" మునీంద్ర గొణిగాడు.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. గుమ్మడికాయలూ కొర్రల మూటలూ తెచ్చి ముందర పెట్టారు.

పియానో మొదలైంది. జనం అందుకున్నారు.

మూడో లైను చివర పియానో ఆగింది. మునీంద్ర గుండె కూడా ఆగినట్టయింది.

చర్చి మొత్తం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది.

పియానో నాలుగో లైను ఎత్తుకునేసరికి అందరి గొంతులూ కలిసే లేచాయి. ఒక్కరూ వెనకబడలేదు. చానాళ్లకు ఆ చర్చి ఒక్క గొంతై పాడింది.

పాస్టరు ఇంకో పాట వెయ్యమని సైగ చేశాడు. బెంగళూరు మాట మరి ఎవరూ ఎత్తలేదు.

ఆరాధన అయ్యాక మునీంద్ర జనంలో వెతికాడు.

"యాన్ని ఎతుకుతాండావు మునీంద్రా?" మల్లక్క అడిగింది.

"నిన్న తలగుడ్డ కట్టుకోని ఒకాయప్ప వచ్చె. ఆ పాటలు నిలిచింది ఆయప్ప వల్లనే. నేనేమో తాగినావా అంటి."

"ఓబుళేశు! లోపల దగ్గితే ప్రార్థనకు అడ్డమని ఎప్పుడూ కీబోర్డు పక్క కిటికీ బయటనే నిలబడి పాడేటోడు, నువ్వు రాకముందే మానె. యాడుండాడు ఇంక? పొద్దున బస్సుకే ఆలూరికి పాయ, కూతురింటికి. ఇల్లు గూడా ఖాళీ చేసె."

"కృపమణి వాయించేదంటే అంత ఇష్టమా ఆయప్పకు?"

"ఆయమ్మ మొగుడప్పా ఆయప్ప, మూడు లైన్లు పాడేసరికి మొగునికి ఊపిరి అందదనే ఆయమ్మ ఆడ ఆగేది, ఓబుళేశు నాపరాళ్ల పాలిష్ దుమ్ముకు పోగొట్టుకొనింది కుడిపక్క ఊపిరితిత్తి మొత్తం, ఎడమదాంట్లో సగం."