ఒక్క గొంతుకు ఎన్ని మైకులు

“దీనికి ఎనిమిది మైకులు తగిలించుకోవచ్చు. ముందుచూపుతో కొనుక్కో నూబియా,” అన్నాడు విల్మర్, పొడుగాటి ఆడియో ఇంటర్‌ఫేస్‌ని బల్ల మీద అటూ ఇటూ తిప్పి చూపిస్తూ.

“పాడేది ఒక్క మనిషి. మిగతా ఏడూ ఎవరి నోటి ముందు పెట్టను? నీ నోటి ముందా?”

“నాకు ఏడు చాలవులే.”

బ్వెనవెంతూరా రేవు పట్నంలో పాటల సామాన్లు అమ్మే కొట్టు విల్మర్‌ది. నూబియా తన ఇంటి వెనకగదిలో గోడలకి పరుపులు నిలబెట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకుంది. మైకులో పడ్డ గొంతుని కంప్యూటరుకి అందించేది ఇంటర్‌ఫేసే కాబట్టి అది బాగోలేకపోతే స్టూడియో మొత్తం దండగ. ఆమె దగ్గరున్న పాత ఇంటర్‌ఫేస్ వానల చెమ్మకి పాడై, వేపుడు మూకుడులా చిటపటలాడుతోంది.

ఆమె పక్కన ఎనేరిస్ పెద్దమ్మ నిలబడి ఉంది. వచ్చే సోమవారం ఆవిడ గొంతులో గడ్డకి ఆపరేషను. ఆ తర్వాత మాట వస్తుంది గానీ పాట రాదని డాక్టరు ముందే తేల్చేశాడు. గొంతు పోయేలోగా దాచుకోవాలని ఆవిడ నూబియాని వెతుక్కుంటూ వచ్చింది. ఆ తీరంలో ఆ వయసు ఆడవాళ్ళంటే మద్దెల వినబడగానే పాట ఎత్తుకునేవాళ్ళే. అందుకే ఏం పాట, ఎందుకూ అని నూబియా అడగలేదు.

“ఎన్నాళ్ళ నుంచి పాడుతున్నావు పెద్దమ్మా?” అన్నాడు విల్మర్.

“పెళ్ళి కాకముందు నుంచీ. ఆదివారాలు తప్పితే పాడని రోజు లేదు నాయనా.”

“స్టేజీల మీదేనా?”

“ఒకచోట నిలబడి పాడటం నావల్ల కాదు. నేను గొంతెత్తానంటే జనమే ఇళ్ళల్లోంచి బయటికొస్తారు.”

విల్మర్ నూబియా వైపు కన్ను గీటాడు. “విన్నావా? నీ గదిలో పుట్టిన పాట ఇంతవరకూ మీ అమ్మ వంటింటి దాకా కూడా పోలేదు.”

ఆ మాట నూబియాకి చురుక్కుమంది, అది నిజం కాబట్టి. రేడియోకి ఎన్ని పాటలు పంపినా ఉలుకూ పలుకూ లేదు. “ఈసారి ఊరంతా వినకపోతే నన్నడుగు,” అంది.

రెండు మైకులకే చోటున్న చిన్న ఇంటర్‌ఫేస్‌ని ఎంచుకుంది. మైకులు తక్కువైనా గొంతుని ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది. పెద్దమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెండు ముక్కలు పాడి చూసుకుంది.

“బానే ఉంది. లారీల రొదలో కూడా పైకి తేలుతుందా?”

కార్లలో వినేవాళ్ళ గురించి కూడా ఆలోచిస్తోందే అని నూబియా మురిసిపోయింది.

ఇంటికొచ్చి వైర్లు బిగించారు. మైకుకి కరెంటు అందించే మీట నొక్కగానే గదిలో గాలి కదిలినా వినబడసాగింది. దాంతోపాటు గుంయ్‌మని ఒక హోరు.

“అమ్మా, ఫ్రిజ్ ప్లగ్గు పీకెయ్యవే!”

“చేపలు కుళ్ళిపోతే నీ పాట వండి పెడతానా?” అంటూనే వాళ్ళమ్మ పీకేసింది. హోరు ఆగింది.

పెద్దమ్మ నోరు తెరిచిందో లేదో ఎర్రలైటు వెలిగింది.

“కొంచెం తగ్గించి పాడు పెద్దమ్మా.”

“తగ్గించడం నాకెవరూ నేర్పలేదు తల్లీ. నీ డబ్బాకే చెప్పుకో.”

నూబియా నవ్వుతూ ఇంటర్‌ఫేస్ మీద గుండీ వెనక్కి తిప్పింది. లైటు పచ్చగా మారింది. ఈలోపు పెద్దమ్మ హెడ్‌ఫోన్లు లాగేసి వెనక్కి తిరిగి చూసింది.

“ఎవరే అది, నా వెనకాలే పాడుతోంది?”

“నువ్వే. నీ గొంతు కంప్యూటరు దాకా వెళ్ళి వస్తోంది, అందుకే ఆలస్యం.” ఇంకో మీట నొక్కింది. “ఇప్పుడు నేరుగా నీ చెవికే.”

ఇక పాట మొదలైంది. ఎండలో నడిచి నడిచి వచ్చిన మనిషి, తలుపు తియ్యమని అడిగే పాట. పెద్దమ్మ చెప్పులు విడిచి, ఉన్నచోటే అడుగులు వేస్తూ పాడింది. మెడ నిటారుగా ఉంది. కుడిచెయ్యి దానంతటదే తల పక్కకి లేచింది. వంటింట్లోంచి వాళ్ళమ్మ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నూబియాకి కళ్ళు చెమర్చాయి. ఇంత ఆనందం ఆ గదిలో ఆమె ఎన్నడూ ఎరగదు.

“కొంచెం మారుమోత కలపనా?”

“వద్దు, అది నాకు ఉత్తినే దొరుకుతుంది. చివర మాత్రం మళ్ళీ మొదటికి అతికేలా చెయ్యి. తెగకూడదు.”

నూబియా అలాగే చేసి, ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది. ఇంకొకటి రేడియోకి పంపింది.

ఆపరేషను బాగానే జరిగిందని కబురొచ్చింది. రేడియో నుంచి మాత్రం ఏమీ రాలేదు. నూబియా రోజూ రేడియో పెట్టుకుని కూర్చునేది, చివరికి విసిగి కట్టేసింది.

ఒక పొద్దున వాన వెలిశాక బట్టలు ఆరేస్తుంటే ఆ గొంతు వినబడింది. ఎక్కడా చిటపట లేదు. సందు చివర లారీలు రొద పెడుతున్నా, వాటి మీదుగా తేలి వస్తోంది. నూబియా పరుగున వెళ్ళి రేడియో పెట్టింది. ఫుట్‌బాల్ కబుర్లు వస్తున్నాయి. వీధిలోకి ఉరికింది.

ప్రతి తలుపూ తెరుచుకుంటోంది. ఆడవాళ్ళు, పిల్లలు, షాపులో గడ్డం సగం గీయించుకున్న మనిషి కూడా మలుపు దగ్గరికి పరిగెడుతున్నారు. ఇంతలో ఫోను మోగింది, అవతల విల్మర్ అరుస్తున్నాడు. “మా సందులోనూ ఇదే పాట నిన్న, ఏం చేశావే?”

నూబియా గుంపుని తోసుకుంటూ ముందుకి పోయింది. మధ్యలో మెడకి రుమాలు చుట్టుకుని ఎనేరిస్ పెద్దమ్మ, కాళ్ళ దగ్గర నెత్తి మీంచి దించిన తట్ట, దాని అంచుకి కట్టిన చిన్న స్పీకరులోంచి ఆ పాట. నూబియాని చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. గట్టిగా కావలించుకుని, మిగిలిన కాస్త గొంతుతో చెవిలో గుసగుసగా అడిగింది.

“నీకెన్ని పండ్లిమ్మంటావు తల్లీ?”