విశాలమ్మ కుడి భుజం

"ఇంకా పైకి... ఇంకొంచెం... అంతేనా?"

గోడ మీద వేళ్ళు నడిపిస్తున్న విశాలమ్మ చెయ్యి భుజం ఎత్తు దాటగానే ఆగిపోయింది. నొప్పికి ముఖం చిట్లించి, చెయ్యి దించేసుకుంది. వ్యాయామం చేయిస్తున్న ధన్య అక్కడొక పెన్సిలు గీత గీసి చూసింది. పోయిన వారం గీత కంటే రెండంగుళాలు కిందే ఉంది.

"నెలన్నర అయింది. ముందుకు పోవాల్సింది వెనక్కి వస్తా ఉండాది. ఇంట్లో ఏం ఎత్తుతా ఉండారో నిజం చెప్పండమ్మా."

"ఏం ఎత్తుతానమ్మా? ఒక్క ఆవు ఉండాది. పాల క్యాను, గడ్డి మోపు. అంతే."

రాబర్ట్‌సన్‌పేటలోని ఆ చిన్న ఫిజియోథెరపీ క్లినిక్కుకు వచ్చేవాళ్ళలో విశాలమ్మంత శ్రద్ధగా వ్యాయామం చేసేవాళ్ళు లేరు. ప్రతి మంగళవారం తన ఊరు క్యాసంబళ్ళి నుంచి మొదటి బస్సుకే వచ్చేసేది. చెయ్యి వేలాడేసి ఊపమంటే ఊపేది. రబ్బరు పట్టీ లాగమంటే లాగేది. కండను ఎముకకు పట్టి ఉంచే నార వాచిందని, దానికి విశ్రాంతి ఇస్తేనే మానుతుందని ధన్య చెప్పినప్పుడల్లా బుద్ధిగా తలూపేది. పదకొండయ్యేసరికి మాత్రం ఆమె కాలు నిలిచేది కాదు. "ఇంట్లో పని ఉండాదమ్మా" అంటూ బస్సుకు పరుగెత్తేది.

"మూడు నెలల్లో తగ్గకపోతే ఆపరేషనే అని పెద్ద డాక్టరు రాసినాడు కదా. అప్పుడు ఆరు వారాలు చెయ్యి కట్టేస్తారు" అంది ధన్య.

విశాలమ్మ ముఖం పాలిపోయింది. "వద్దమ్మా. ఆరు దినాలు కట్టేసినా నా ఇంట్లో జరగదు. ఎట్లయినా నువ్వే బాగు చెయ్యాల."

"అయితే ఎత్తేది మానండి. ఇంట్లో ఎవరెవరు ఉండారు?"

"నేనూ, నా కొడుకు గగనూ. వాళ్ళ నాయన పోయి ఏడేండ్లాయ."

"కొడుక్కి ఎన్నేండ్లు?"

"ఇరవై రెండు."

ధన్యది మంచి చెయ్యే గానీ నోటికి అడ్డూ ఆపూ లేదు. "ఇరవై రెండేండ్ల పిల్లోణ్ణి ఇంట్లో పెట్టుకొని మీరు క్యాను మోస్తా ఉండారా? ఏం చేస్తా ఉంటాడు?"

"ఇంట్లోనే ఉంటాడమ్మా."

"పడుకొనా?"

విశాలమ్మ కాస్త తటపటాయించి "ఊ" అంది.

"ఆ వయసు పిల్లోళ్ళు మన నరసాపురం కంపెనీల్లో రాత్రీ పగలూ షిఫ్టులు చేస్తా ఉండారు. వీడికి అమ్మకొక మోపు అందించేదానికి కూడా ఒళ్ళు వంగదా? రేపట్నుంచి క్యాను వాడే మోయాల. చెప్పండి!"

ఏ తల్లికైనా ఆ మాటలకు కోపం వస్తుంది. విశాలమ్మకు రాలేదు. పైగా పెదవుల మీద సన్నగా నవ్వొకటి మెదిలింది. "చెప్తానమ్మా" అంది. ముద్దు చేసి చెడగొట్టిన తల్లి, ఇంకేం చేస్తుంది అనుకుంది ధన్య.

మరుసటి మంగళవారం విశాలమ్మ రాగానే ధన్య అడిగింది. "ఏమన్నాడు మీ దొరగారు?"

"నువ్వు తిట్టిందంతా చెప్పినాను. కడుపుబ్బ నవ్వినాడమ్మా."

"నవ్వినాడా!" ధన్యకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు రబ్బరు పట్టీ లాగిస్తున్నంతసేపూ కనపడని ఆ కొడుకును దులిపేసింది. సోమరి అంది, తిండిపోతు అంది, తల్లి ఉసురు తగులుతుందంది. విశాలమ్మ ఆ తిట్లన్నీ పండగ కబుర్లు విన్నట్టు విన్నది.

ఆ తర్వాతి వారం మెడ దగ్గర నొక్కి చూస్తుంటే గోటి గీరలు కనిపించాయి.

"ఇదేమమ్మా?"

"కంప గీరింది."

"మోపు నెత్తిన పెట్టుకునేవాళ్ళకు నొప్పి ఇక్కడ రాదు. మీరు ఒంగి, ఏదో పెద్ద బరువును ఎదకు హత్తుకొని లేపుతా ఉండారు. అవునా?"

విశాలమ్మ గోడ గడియారం వైపు చూసి, "బస్సుకు టైమయిందమ్మా" అని లేచింది.

అంతే, మూడు వారాలు పత్తా లేదు. ధన్య రెండుసార్లు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆ సోమరిపోతు వల్ల ఆపరేషన్ దాకా పోయినట్టుందని ధన్య బాధపడింది. నిజంగానే బాధపడింది. అంత ఓపికగా చేసిన మనిషి ఇంకొకరు లేరు మరి.

నాలుగో మంగళవారం విశాలమ్మ వచ్చింది, మొదటి బస్సుకు కాదు, మధ్యాహ్నం దాటాక. ముఖం పీక్కుపోయి ఉంది. ఎవరూ చెప్పకుండానే గోడ దగ్గరికి పోయి వేళ్ళు నడిపించింది. చెయ్యి ఒక్కొక్క గీతే దాటుకుంటూ నిటారుగా పైకి పోయింది.

ధన్య చప్పట్లు కొట్టేసింది. "నొప్పి?"

"లేదమ్మా."

"ఆ పక్కకు తిరిగి పడుకుంటే?"

"లేదు."

"ఆపరేషన్ తప్పింది పోండి! చూసినారా, బరువు ఎత్తేది మానేస్తే ఎట్లా మానిందో? ఇంగ తీరిగ్గా కూర్చోండి, కాఫీ తాగి పోదురు."

"ఊ. ఇప్పుడు తొందరేం లేదమ్మా."

"అయితే నా తిట్లు పనిచేసినట్టే. మీ గగన్‌కు బుద్ధి వచ్చింది, పని అందుకున్నాడు. అంతేనా?"

విశాలమ్మ చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. దాన్ని దించకుండానే మెల్లగా అంది. "వాణ్ణి అందరు పిల్లోళ్ళ మాదిరి తిట్టింది నువ్వొక్కదానివే. వినేదానికి నాకూ వానికీ ఎంత బాగుండెనో. అందుకే నీకు చెప్పబుద్ధి కాలేదు."

"ఏం చెప్పబుద్ధి కాలేదు?"

"పుట్టినప్పట్నుంచి కాళ్ళు రాని నా బిడ్డ, ఇంగ ఎత్తేదానికి లేడమ్మా."