ఆయమ్మ గొంతు

“నేను ఆరోగ్యమేరిని కాదు కదరా, దాని చెల్లెల్ని! అక్క పోయి రెండు క్రిస్మస్సులు అయ్యె. ఈ సంగతి ఆ దొరకి ఎవరు చెప్పేది?”

పొన్ను చాప దులుపుతూ కొడుకు మీద విసుక్కుంది. యేసుదాస్ మదురై మిల్లులో స్పిన్నింగ్ పనివాడు. ఆదివారం కాబట్టి ఇంట్లో ఉన్నాడు. పొద్దున మిల్లు వాచ్‌మన్ వచ్చి, “ఆయమ్మ ఇంటికి అమెరికా దొర వస్తాండాడంట” అని చెప్పిపోయినప్పటి నుంచి తల్లీకొడుకులకి ఇదే గొడవ.

“వాకిట్లోనే ఆపి, పెద్దమ్మ లేదని నేనే చెప్పేస్తాలేమ్మా.”

“వాకిట్లో నిలబెట్టి చెప్పే మాటా అది? లోపలికి రానీ. కాఫీ తాగినాక నేనే చెప్తా.”

ఆ దొర తండ్రి ఒకప్పుడు మదురైలో డాక్టరు. పుట్టినప్పటి నుంచి బడి ఈడు వచ్చేవరకు ఈ దొరను ఆరోగ్యమేరే ఆయమ్మగా పెంచింది. ఎడ్విన్ అనే పేరు ఆమెకి నోరు తిరగక ‘ఎద్దు’ అని పిలిచేది. బిడ్డను అమెరికా తీసుకుపోయాక కూడా, చనిపోయేదాకా ఆమె నోట ఎప్పుడూ ‘మా ఎద్దు’ మాటే.

సందు మొదట్లో కారు ఆగింది. ముందు దిగిన మిల్లు లేబర్ ఆఫీసర్ కృష్ణరాజ్, యేసుదాస్ భుజం మీద చెయ్యి వేశాడు.

“ఈ దొర ఎవరనుకుంటివి? అమెరికాలో పెద్ద రేడియో కంపెనీకి తలైవరు, అంతటికీ పెద్ద. మొదట్లో మైకు ముందు పత్తి ధరలు చదివినాడంట. పెద్ద పదవికి వచ్చినాక, సాయంత్రం సోపు వ్యాపారులు ప్రకటనలకని వేలం పాడుకునే గంట టైమును లాక్కొని పిల్లల కథలకి ఇచ్చినాడు. వాళ్లు ఎంత కొట్లాడినా వదల్లేదు. ఇప్పుడు తక్కిన కంపెనీలన్నీ అదే చేస్తాండాయి.”

“సార్, ఒక మాట…” అని యేసుదాస్ మొదలుపెట్టేలోపే దొర బూట్లు విప్పి, నెరిసిన తల వంచి గుమ్మం దాటాడు. చాప మీద పొన్ను పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“అమ్మా, బాగుండావా?”

తెలుగు. అదీ ఈ మిల్లు లైన్ ఇళ్లలో మాట్లాడే తెలుగు. పొన్ను తల ఎత్తి చూసింది. అరవై ఏళ్ల మనిషి, తప్పిపోయి దొరికిన బిడ్డలా చూస్తున్నాడు.

“ఏమిరా ఎద్దూ!” అందామె. “ఇన్నాళ్లకి దోవ తెలిసెనా?”

గుమ్మంలో యేసుదాస్ తల పట్టుకున్నాడు. దొర ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

“ఆ, ఎద్దునే అమ్మా.”

కాఫీ తాగాక వెంట తెచ్చిన పెట్టె తెరిచాడు. గొంతును పట్టుకునే యంత్రం. వచ్చే నెల ఆయన పదవి దిగుతున్నాడనీ, ఆఖరి రోజున ఈ గొంతును అమెరికా అంతా వినిపించాలని ఆశపడుతున్నాడనీ కృష్ణరాజ్ చెప్పాడు.

“పిచ్చుక కథ చెప్పమ్మా” అన్నాడు దొర.

పొన్ను గుండె కొంచెం కుదుటపడింది. అది అక్కకీ తనకీ వాళ్లమ్మ చెప్పిన కథ. గొంతు కూడా అక్కచెల్లెళ్లది ఒకటే. బండి చక్రంలో పిచ్చుక గూడు కట్టింది, గుడ్లు పొదిగి పిల్లల్ని చేసింది, బండివాడు ఎద్దుల్ని తోలుకొచ్చాడు… అక్కడ ఆగిపోయింది. అమ్మ కథలో గూడు నలిగిపోతుంది. “మా ఎద్దు ఏడుస్తాడని కథ చివర మార్చేసినా” అని అక్క అనేది. ఎట్లా మార్చిందో పొన్ను ఎప్పుడూ అడగలేదు.

యంత్రం తిరుగుతూనే ఉంది. దొర ఓపికగా చూస్తున్నాడు.

“…బండివాడు ఎద్దుల్ని విప్పేసినాడు” అంది పొన్ను మెల్లగా. “పిల్లలకి రెక్కలు వచ్చేదాకా బండి కిందే పండుకున్నాడు. సంతకి పోనేలేదు.”

దొర కళ్లు మూసుకున్నాడు. “ఇట్లే అమ్మా. ఇట్లే చెప్పాల.”

వెళ్లేటప్పుడు వంగి తల ఆమె చేతుల కింద పెట్టాడు. పొన్ను ఆయన నుదుటి మీద సిలువ గుర్తు వేసి పంపింది. ఆయన కారు వైపు నడుస్తుంటే, పెట్టె కోసం వెనకే ఆగిన కృష్ణరాజ్ ముందు ఆమె భోరుమంది.

“అయ్యా, ఏసప్పకి నేనేమి చెప్పేది! ఆ ముఖం చూసినాక అక్క లేదనేకి నోరు రాలే. పచ్చి అబద్ధం ఆడేసినా. మీరన్నా నిదానంగా ఆయనకి చెప్పండయ్యా.”

కృష్ణరాజ్ చేతిలో ఉన్న పెట్టె కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు.

“మేము మీ అక్క సమాధి దగ్గరినుంచే వచ్చినామమ్మా.”