సబ్‌స్టాండర్డ్

ఆఫీసు రిపోర్టులో గీతలు కొట్టుకోవడానికి స్కేలు కావాలని కూతురి బడిసంచిలో చెయ్యి పెట్టాడు లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. స్కేలు దొరకలేదు. ఒక కాగితం దొరికింది. చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

బడి పేరు అచ్చువేసిన రిపోర్టు ఫారం అది. పైన రోల్ నంబరు పద్నాలుగు. పేరు రాయాల్సిన చోట ఖాళీ. కింద గళ్ళలో వరసగా ఇంగ్లీషు మాటలు. హాజరు: ఇన్‌సఫిషియెంట్. చెప్పింది వినడం: పూర్. ఓర్పు: ఇన్‌అడిక్వేట్. మాట మీద నిలబడటం: అన్‌సాటిస్ఫాక్టరీ. మొత్తం మీద: సబ్‌స్టాండర్డ్. అడుగున ఇంగ్లీషు టీచరు పొట్టి సంతకం.

ఇంకొకడైతే ఏదోలే అని ఊరుకునేవాడు. ఇతను పదహారేళ్ళుగా ఈ మాటల మీదే బతుకుతున్నాడు. బ్రేకు ఇన్‌అడిక్వేట్ అని రాశాడంటే ఆ లిఫ్టు ఆ పూటే ఆగిపోవాలి. సబ్‌స్టాండర్డ్ అన్నాడంటే తలుపుకు తాళం పడాలి. బాగుచేసి చూపించేదాకా అందులోకి పిల్లి కూడా ఎక్కకూడదు. ఆ మాటను అతను ఏడాదికి రెండు మూడు సార్లకు మించి వాడడు. అలాంటిది పదేళ్ళ పిల్లకు అంటగడతారా అని ఒళ్ళు మండిపోయింది.

"నీ రోల్ నంబరెంత?" అని అరిచాడు.

హోంవర్కు చేసుకుంటున్న కూతురు గోడకు అంటుకుపోయింది. "పద్నాలుగు నాన్నా. అది..."

"చాలు. ఇంక నోరెత్తకు."

"అది కాదు నాన్నా, టీచర్..."

"ఎత్తొద్దన్నానా?"

కేకలు విని వంటింట్లోంచి భార్య వచ్చింది. "ఏవండీ, ముందు అది చెప్పేది వినండి. ఆ కాగితమేదో ఇటివ్వండి, నేనూ చూస్తాను."

"చూసి మురిసిపోతావా? నీ ముద్దుల కూతురు ఎందుకూ పనికిరాదని రాసిచ్చారు." కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "రేపే వెళ్ళి టీసీ తెచ్చేస్తాను. హాస్టలున్న బడిలో పడేస్తే అదే దారికొస్తుంది."

హాస్టలు మాట వినగానే పిల్ల బావురుమంది. "నన్ను పంపించొద్దు నాన్నా. నేనిక్కడే ఉంటాను. నువ్వు సైకిల్ నేర్పిస్తానన్నావు కదా."

"ఇప్పుడు సైకిలొకటే తక్కువైంది."

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి బడికి బయల్దేరాడు. దారి పొడుగునా పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. పిల్లను చేర్పించిన రోజు చూసిన బడి అది, మళ్ళీ అటు వెళ్ళలేదు. గేటు ఏ సందులోకి ఉందో గుర్తురాక రెండుసార్లు చుట్టూ తిరిగాడు.

"ఏ క్లాసు సార్?" అడిగాడు గేటు దగ్గర కాపలా మనిషి.

"అయిదు."

"అయిదు ఏ నా, బీ నా?"

"అయిదయ్యా. అంతే."

"ఏ అయితే మేడ మీద, బీ అయితే కింద సార్."

మేడ ఎక్కాడు, దిగాడు. చివరికి ఎవరో టీచర్ల గది చూపించారు. అప్పటికి ముఖం కందగడ్డ అయింది. తల నెరిసిన ఇంగ్లీషు టీచరు కిటికీ పక్కన కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుతోంది. ఆమె ముందు కాగితం విసిరికొట్టినట్టు పెట్టాడు.

"నేను పద్నాలుగో నంబరు తండ్రిని. ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. టీచరన్నాక దస్తూరీ అయినా తిన్నగా ఉండక్కర్లేదా? ఏంటీ కోడిగీతలు? సబ్‌స్టాండర్డ్ అని రాయడానికి చెయ్యెలా వచ్చింది మేడమ్? తుప్పుపట్టిన ఇనుప తాడు మీద ఆ మాట రాయాలంటే నేను పదిసార్లు ఆలోచిస్తాను."

"సార్, ఒక్క నిమిషం. ఈ వారం పిల్లలకు..."

"మీ నిమిషాలు మీ దగ్గరే ఉంచుకోండి. అవతలున్నది మనిషి, యంత్రం కాదు. తప్పులుంటే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి. అంత నిండుగా రాశారే, ఒక్క మంచి మాట దొరకలేదా? ఇంక నా కూతురు మీ బడికి రాదు. టీసీ ఇచ్చేయండి."

గదిలో మిగతా టీచర్లు పెన్నులు ఆపేశారు. ఇంగ్లీషు టీచరు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తొందరపడలేదు. అరిచి అరిచి అతనికే ఆయాసం వచ్చింది. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పొచ్చా సార్?"

"ఊఁ."

"బాగాలేదు, చాల్లేదు, సరిపోదు అని చెప్పే ఇంగ్లీషు మాటలు ఈ వారం పాఠం. పాఠమయ్యాక మిగిలిపోయిన పాత ఫారాలు పంచి, ఇంట్లో వస్తువు మీదో మనిషి మీదో రిపోర్టు రాయమన్నాను. రోల్ నంబరు రాసినవాళ్ళది. దేని మీద రాశారో ఆ పేరు మాత్రం రాయకూడదు. నేను దిద్ది సంతకం పెట్టి పైకి చదువుతుంటే మిగతావాళ్ళు కనుక్కోవాలి. ఒకడు ఫ్రిజ్ మీద రాశాడు. ఇంకో పిల్ల వాళ్ళ పాత స్కూటర్ మీద రాసింది. అన్నీ ఇట్టే చెప్పేశారు."

ఆమె కాగితాన్ని అతనివైపు తిప్పింది.

"మీ అమ్మాయి రాసింది మాత్రం ఎవరూ కనుక్కోలేకపోయారు సార్, ఆఖరికి తనే లేచి చెప్పింది, 'మా నాన్న' అని."